భూమిలోని పాత పైపులను లోపలి నుంచే బాగుచేసే రోబో: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరాల కింద పాతబడిన నీళ్ల పైపులను, గ్యాస్ పైపులను, మురుగు పైపులను రోడ్డంతా తవ్వకుండా లోపలి నుంచే బాగుచేయాలని చాలా దేశాల్లో ఇంజనీర్లు రోబోలు తయారు చేస్తున్నారు. ఈ పని గురించి విన్నవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ఈ రోబో చేసే పనేమిటి?

ఒకచోట పైపులోకి దిగుతుంది. లోపలే ముందుకు వెళ్తూ పాడైన చోటును గుర్తిస్తుంది. అక్కడి తుప్పును, మడ్డిని గీకేస్తుంది. రెసిన్ (ద్రవంగా పూస్తే తర్వాత గట్టిపడే పదార్థం) పూసో, లోపల కొత్త పొర వేసో ఆ చోటును గట్టిపరుస్తుంది. పని సరిగా కుదిరిందో లేదో చూసుకొని, దిగిన దారినే బయటికి వస్తుంది. కెమెరాతో చూసి వచ్చే యంత్రాలు దశాబ్దాలుగా ఉన్నాయి. చూడటం, శుభ్రం చేయడం, బాగుచేయడం, తనిఖీ చేయడం అన్నీ ఒకే యంత్రంతో, వీలైతే ఒకే ప్రయాణంలో పూర్తి చేయాలన్నది ఇప్పటి ప్రయత్నం.

తవ్వి కొత్త పైపు వేస్తే పోతుంది కదా?

చాలాచోట్ల ఇప్పటికీ చేస్తున్నది అదే. కానీ ఆ ఖర్చులో పైపు ధర చిన్న భాగమే. రోడ్డు కోయడం, మట్టి తీయడం, పక్కనే ఉన్న కరెంటు కేబుళ్లు, టెలిఫోన్ కేబుళ్లు, ఇతర పైపులు దెబ్బతినకుండా చూడటం, ట్రాఫిక్ మళ్లించడం, చివరికి రోడ్డు మళ్లీ వేయడం... డబ్బంతా వీటికే పోతుంది. అమెరికా ఇంధన శాఖ పరిధిలోని ఆర్పా-ఈ సంస్థ 2020లో 'రిపేర్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పాత గ్యాస్ పైపును తవ్వి మార్చాలంటే మైలుకు కోటి డాలర్ల వరకు అవుతుందని ఆ సంస్థ చెప్పింది. పాత పైపు లోపలే కొత్త పైపును నిర్మించి, ఆ ఖర్చును మైలుకు 5 లక్షల నుంచి 10 లక్షల డాలర్లకు దించాలని, అలా కట్టిన పైపు కనీసం 50 ఏళ్లు నిలవాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం అందితే, కోటి డాలర్లు అయ్యే చోట ఒక మైలు మార్చే డబ్బుతో కనీసం పది మైళ్లు బాగుచేయొచ్చు.

పైపులు ఎలా పాడవుతాయి? వయసు అయిపోతేనా?

వయసొక్కటే చూసి చెప్పలేం. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ రాజభవనం కోసం 1660లలో వేసిన పోత ఇనుప పైపులు మూడు వందల ఏళ్లకు పైగా పనిచేశాయి. వాటి కంటే ఎంతో తర్వాత వేసినవి ముప్పై నలభై ఏళ్లకే చిల్లులు పడిన సందర్భాలూ ఉన్నాయి. మట్టి స్వభావం, లోపల పారేదేమిటి, జాయింట్లు ఎలా కట్టారు, మీద ఎంత బరువు తిరుగుతోంది అన్నవన్నీ కలిసి పైపు ఆయుష్షును నిర్ణయిస్తాయి.

పోత ఇనుముకు వచ్చే జబ్బు మోసం చేస్తుంది. తేమగా ఉన్న మట్టిలో ఇనుము మెల్లగా కరిగిపోయి, దానిలోని గ్రాఫైట్ మాత్రం అక్కడే మిగిలిపోతుంది. పైపు ఆకారం మారదు. మందం కూడా తగ్గినట్టు కనిపించదు. కానీ చాకుతో గీస్తే గీత పడేంత మెత్తగా తయారవుతుంది. ఓ రోజు పైనుంచి బరువైన లారీ వెళ్తుంది, లేదా పంపు ఒక్కసారిగా ఆగి పైపులో ఒత్తిడి ఎగిరిపడుతుంది. అప్పుడు పగులుతుంది. పైపును కెమెరాతో చూస్తే చాలదని ఇంజనీర్లు పట్టుబట్టేది ఇందుకే. గోడలో నిజమైన లోహం ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌తోనో, విద్యుదయస్కాంత పద్ధతులతోనో కొలవాలి.

పాత గ్యాస్ పైపుల కథ వేరు. వాటి జాయింట్లలో జనపనార కూరి, పైన సీసం పోసేవారు. అప్పట్లో బొగ్గు నుంచి తీసిన గ్యాస్ వాడేవారు. దానిలోని తేమకు జనపనార ఉబ్బి, జాయింటు బిగువుగా ఉండేది. తర్వాత సహజవాయువు వచ్చింది. అది పొడిగా ఉంటుంది. జనపనార ఎండి కుంచించుకుపోయి, జాయింట్లు కారడం మొదలైంది. పైపు పాడైంది ఏమీ లేదు, లోపల పారే గ్యాస్ మారిందంతే.

మురుగు పైపుల్లో శత్రువు పైభాగంలో ఉంటుంది. గాలి అందని మురుగు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి లేస్తుంది. కాంక్రీట్ పైకప్పుకు పట్టిన తేమలో ఉండే బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కాంక్రీట్‌ను తినేస్తుంది. చెట్ల వేళ్లు జాయింట్లలోంచి దూరడం, కింది మట్టి కుంగడం వీటికి అదనం.

చిన్న చిల్లుకు ఇంత హడావుడి అవసరమా?

లెక్క వేసి చూడండి. నీళ్ల మెయిన్‌లో (ప్రధాన పైపులో) 5 బార్ ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు ఐదు రెట్లు, ఉందనుకుందాం. 3 మిల్లీమీటర్ల చిల్లు ఒకటి పడితే దానిలోంచి రోజుకు సుమారు 11,500 లీటర్ల నీళ్లు పోతాయి. బయట తడి కనిపిస్తే అదృష్టమే. మట్టి వదులుగా ఉంటే ఆ నీళ్లు కిందికే ఇంకిపోతాయి, నెలల తరబడి ఎవరికీ తెలియదు. ప్రపంచం మొత్తం మీద నీటి సంస్థలు శుద్ధి చేసి పంపిన నీటిలో లీకేజీ, దొంగ కనెక్షన్లు, మీటర్ల లోపాలు అన్నీ కలిపి లెక్కకు రాకుండా పోతున్నది ఏటా 12,600 కోట్ల ఘనపు మీటర్లని 2019లో వెలువడిన ఒక అంచనా. ఇక గ్యాస్ లీకైతే పేలుడు ప్రమాదం ఎలాగూ ఉంది. పైగా మీథేన్ నూరేళ్ల లెక్కన చూసినా కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఇలాంటి రోబోలు నిజంగా ఎక్కడైనా పనిచేస్తున్నాయా?

పనిచేస్తున్నాయి. బాగా నిలదొక్కుకున్నవాటిలో ఒకటి గ్యాస్ జాయింట్లు మూసే రోబో. న్యూయార్క్‌కు చెందిన యూఎల్‌సీ సంస్థ తయారు చేసిన 'సిస్‌బాట్' ఇలాంటిదే. రోడ్డు మీద ఒకచోట గుంత తవ్వి, గ్యాస్ ఆపకుండానే దాన్ని పెద్ద పోత ఇనుప మెయిన్‌లోకి దించుతారు. అది జాయింటు దగ్గర ఆగి, లోపలి నుంచి రంధ్రం వేసి, ఎండిపోయిన జనపనారలోకి సీలెంట్ (సందులు మూసే జిగురు) ఎక్కిస్తుంది. ఆ సీలెంట్ గాలి తగలనిచోటే గట్టిపడే రకం. ఒకే గుంత నుంచి రెండు వైపులా వెళ్లి వరసగా ఎన్నో జాయింట్లు మూయొచ్చు. లేకపోతే జాయింటుకో గుంత తవ్వాల్సి వచ్చేది. అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ దీన్ని వాడారు.

మురుగు పైపుల విషయంలో అసలు మలుపు 1971లో వచ్చింది. లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీర్ రెసిన్‌తో తడిపిన మెత్తటి గొట్టాన్ని పాత పైపులోకి ఎక్కించి, లోపలే గట్టిపరిచి, పాత పైపులో కొత్త పైపు తయారు చేశాడు. ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అయితే లైనర్ అనే ఆ లోపలి గొట్టం గట్టిపడగానే ఇళ్ల నుంచి వచ్చే కనెక్షన్లన్నీ మూసుకుపోతాయి. వాటిని లోపలి నుంచి ఒక్కొక్కటే వెతికి కోసి తెరవాలి. మనిషి పట్టని ఆ పైపుల్లో కోత యంత్రాలే ఆ పని చేస్తున్నాయి. వాటిని రోబోలని పెద్దగా ఎవరూ పిలవరు గానీ, పైపు లోపల రోజూ చెమటోడ్చే రోబోలు అవే.

పరిశోధనలో ఉన్నవీ తక్కువేం కాదు. బ్రిటన్‌లో షెఫీల్డ్, బర్మింగ్‌హామ్, బ్రిస్టల్, లీడ్స్ విశ్వవిద్యాలయాలు కలిసి 2019లో 'పైప్‌బాట్స్' ప్రాజెక్టు మొదలుపెట్టాయి. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 2000ల నుంచే గ్యాస్ పైపు రోబోలపై పనిచేస్తోంది. పైన చెప్పిన 'రిపేర్' కార్యక్రమంలోనూ అది భాగమైంది.

మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోలూ ఇవీ ఒకటేనా?

కాదు. కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ తయారు చేసిన 'బ్యాండికూట్' లాంటివి మ్యాన్‌హోల్‌లో పేరుకున్న మడ్డిని తీస్తాయి. మనిషిని అందులోకి దించకుండా చేయడమే వాటి గొప్పతనం. పైపు గోడను బాగుచేయడం వాటి పని కాదు.

లోపల ఎలా కదులుతుంది?

పైపును బట్టి. మురుగు పైపు అడుగున నీళ్లు, పైన ఖాళీ ఉంటుంది కాబట్టి చక్రాల బండి సరిపోతుంది. ఇనుప పైపులో అయస్కాంత చక్రాలు గోడను పట్టుకుంటాయి. ప్లాస్టిక్, కాంక్రీట్ పైపుల్లో అవి పనికిరావు, కాళ్లను గోడలకు అదిమిపెట్టి నడవాలి. ముందు భాగం బిగించుకొని, వెనక భాగాన్ని లాక్కొని, మళ్లీ ముందుకు చాచే వానపాము నడక కూడా ఉంది. నిదానంగా వెళ్తుంది గానీ పట్టు బలంగా ఉంటుంది. గీకడానికి, డ్రిల్లింగ్‌కి ఆ పట్టు కావాలి.

పాత పైపు ఎక్కడా ఒకే వ్యాసంతో ఉండదు. తుప్పు గడ్డలు కట్టి కొన్నిచోట్ల సన్నబడుతుంది. జాయింటు దగ్గర ఒక పైపు ఇంకోదాని కంటే కొంచెం కిందికి జారి ఉంటుంది. నిట్టనిలువు ఎక్కుళ్లు, దగ్గర దగ్గరగా రెండు వంపులు, సగం మూసిన వాల్వులు వస్తాయి. ల్యాబ్‌లో కొత్త పైపులో చక్కగా పరిగెత్తే రోబో ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతుంది.

వెనక ఆ కేబుల్ దేనికి? బ్యాటరీ, వైర్‌లెస్ పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకోవచ్చు, పెట్టినవీ ఉన్నాయి. కానీ కేబుల్ ఒకేసారి మూడు నాలుగు పనులు చేస్తుంది. కరెంటు ఇస్తుంది, వీడియో తెస్తుంది, రెసిన్ గొట్టాన్ని మోస్తుంది, రోబో చచ్చిపోతే బయటికి లాగే తాడవుతుంది. చూసి వచ్చే రోబోకి బ్యాటరీ చాలు. కానీ గోడ గీకి, రెసిన్ చల్లే రోబోకి కావాల్సిన శక్తి, సరుకు రెండూ ఎక్కువ.

కేబుల్‌తో కష్టమల్లా వంపుల దగ్గరే. వంపు చుట్టూ తిరిగిన కేబుల్ గోడకు ఒరుసుకుంటుంది. ఒక్కో వంపుకు లాగాల్సిన బలం కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది. ఘర్షణ గుణకం (ఒరిపిడి ఎంతో చెప్పే సంఖ్య) 0.3 అయితే నాలుగు లంబకోణపు వంపులు దాటేసరికి బలం ఆరున్నర రెట్లవుతుంది. నేరుగా ఉంటే 10 కిలోల బలంతో వచ్చే కేబుల్‌కు 66 కిలోల బలం కావాలి. రోబో ఎంత దూరం వెళ్లగలదన్నది మోటారు కంటే ముందు ఈ వంపులే తేలుస్తాయి.

వైర్‌లెస్ సంగతికొస్తే, మట్టిలోంచి రేడియో తరంగాలు సరిగా రావు. ఖాళీ లోహపు పైపు మాత్రం తరంగాలకు సొరంగంలా పనికొస్తుంది. 150 మిల్లీమీటర్ల పైపులో సుమారు 1.2 గిగాహెర్ట్జ్ దాటిన తరంగాలు ప్రయాణిస్తాయి, కాబట్టి మామూలు వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ వెళ్తుంది. ఇది గ్యాస్ పైపుకు బాగుంటుంది. నీళ్లు నిండిన పైపులో ఇది కుదరదు, అక్కడ శబ్ద తరంగాలను వాడాలి.

భూమి కింద జీపీఎస్ ఉండదు కదా, రోబో ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

చక్రం ఎన్నిసార్లు తిరిగిందో, కేబుల్ ఎంత పొడవు వెళ్లిందో కొలుస్తారు. చక్రం బురదలో జారితే లెక్క తప్పుతుంది. 200 మీటర్ల దూరంలో ఒక్క శాతం తప్పు అంటే 2 మీటర్లు, అంటే రోడ్డు మీద తప్పు చోట గుంత. అందుకని జాయింట్లను మైలురాళ్లలా లెక్కబెడుతూ సరిచేసుకుంటారు. రోబోలో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, అది పంపే తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను రోడ్డు మీద నుంచి పట్టుకోవడం కూడా పాత పద్ధతే, నమ్మకమైనది కూడా.

నీళ్లు ఆపకుండానే బాగుచేయొచ్చా?

గ్యాస్‌లో సాధ్యమైనంత సులభంగా నీళ్లలో కాదు. 300 మిల్లీమీటర్ల మెయిన్‌లో 5 బార్ ఒత్తిడి ఉండగా రోబో పైపును పూర్తిగా అడ్డుకుందనుకోండి. అవతలి వైపు ఖాళీ అయితే దాని మీద పడే బలం సుమారు 3,600 కిలోల బరువుతో సమానం. అందుకే నీళ్లలో పనిచేసే రోబో మధ్యలో నీళ్లు పోయేలా బోలుగా ఉండాలి. పైగా పారే నీళ్లలో పూత అంటుకోవాలి. వెతకడానికి, కొలవడానికి నీళ్లు ఆపనక్కర్లేదు. పూత వేయడానికి మాత్రం ఇప్పటికైతే ఆ ముక్కను వేరు చేసి, ఇళ్లకు తాత్కాలిక లైను వేసి, పైపును ఖాళీ చేసి పనిచేయడమే మంచిదని నా అభిప్రాయం.

గ్యాస్ పైపులో చిన్న స్పార్క్ వస్తే పేలిపోదా?

గ్యాస్ మండాలంటే గాలి కావాలి. సహజవాయువు గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండా గ్యాస్ ఉన్న పైపులో ఆక్సిజన్ ఉండదు. ప్రమాదమంతా రోబో లోపలికి వెళ్లే, బయటికి వచ్చే ద్వారం దగ్గర ఉంది, ఎందుకంటే గాలీ గ్యాసూ కలిసేది అక్కడే. అందుకే రోబోని మూసి ఉన్న గదిలాంటి గొట్టంలో పెట్టి, గాలిని నైట్రోజన్‌తో తోసేశాకే వాల్వ్ తెరుస్తారు. మురుగు పైపుల్లో పరిస్థితి ఇంకా అనిశ్చితం. అక్కడ మీథేన్, గాలి ఏ పాళ్లలో ఉన్నాయో ముందే చెప్పలేం కాబట్టి స్పార్క్ బయటికి రాని మోటార్లు, పెట్టెలు తప్పనిసరి.

అన్నిటికంటే కష్టమైన పని ఏది?

అంటించడం. చాలామంది నడకే కష్టమనుకుంటారు. వీడియోల్లో కనిపించేదీ అదే. కానీ రోబోని బిల్డ్ చేసేవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది పాత గోడకు కొత్త పొర అంటుకుందా లేదా అన్న టెన్షన్.

ఇంటి గోడ పెచ్చులు గీకకుండా సున్నం వేస్తే ఏమవుతుందో తెలిసిందే కదా, పెచ్చుతో పాటే సున్నమూ ఊడుతుంది. పైపులోనూ అంతే. తుప్పు గడ్డలను గొలుసులతో కొట్టి, బ్రష్‌తో రుద్ది, ఎక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. మరీ గట్టిగా గీకితే పలచబడిన గోడకే చిల్లు పడొచ్చు. తర్వాత ఆరబెట్టాలి. భూమిలోని పైపు చల్లగా ఉంటుంది, బయటి గాలిని లోపలికి ఊదితే గోడకు మళ్లీ చెమట పడుతుంది. ఎపాక్సీ అనే రెసిన్ ఆ చెమట మీద సరిగా పట్టదు. పాలీయూరియా లాంటి పూతలు నిమిషాల్లో గట్టిపడతాయి, పని త్వరగా అయిపోతుంది. కానీ అంత త్వరగా గట్టిపడేది గోడలోని గుంతల్లోకి ఇంకే సమయం కూడా దొరకదు. అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే ఫైబర్‌గ్లాస్ లైనర్లలో దీపాల బండిని నిర్ణీత వేగంతో లాగాలి. వేగం ఎక్కువైతే లోపలి పొర పచ్చిగా మిగిలిపోతుంది.

వేసిన పొర ఎంత భారం మోయాలో కూడా ముందే తేల్చుకోవాలి. కొన్ని పొరలు తుప్పును ఆపుతాయంతే, బలమంతా పాత పైపుదే. కొన్ని చిల్లుల మీదుగా ఒత్తిడిని మోస్తాయి. పాత పైపు పూర్తిగా విరిగినా తమంతట తామే నిలబడేవి ఇంకొన్ని. ఈ మూడో రకాన్నే నిజమైన పునర్నిర్మాణం అనాలి. మొదటి రకం వేసి పైపు కొత్తదైపోయిందని చెబితే ప్రజలను మోసం చేసినట్టే.

తర్వాత రుజువు కావాలి. మందం అల్ట్రాసౌండ్‌తో కొలవాలి. లోహపు పైపులో పూత మీదుగా విద్యుత్తు పంపితే సూది మొనంత ఖాళీ ఉన్నా దొరికిపోతుంది. చివరగా ఒత్తిడి పరీక్ష. ఈ కొలతలు తీసి భద్రపరచని రోబో పూత పూసే యంత్రమే, బాగుచేసే యంత్రం కాదు.

ఈ రెసిన్లు తాగే నీళ్లలో కలవవా?

తాగునీటి పైపులో వాడే ప్రతి పదార్థానికీ విడిగా ఆమోదం ఉండాలి. అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్ 61 ప్రమాణం ఇందుకోసమే ఉంది. పదార్థం మంచిదైనా పూర్తిగా గట్టిపడకపోతే రసాయనాలు నీళ్లలోకి దిగుతాయి, కాబట్టి ఆమోదపత్రం ఒక్కటే చాలదు. మురుగు లైనర్లను ఆవిరితో గట్టిపరిచేటప్పుడు స్టైరీన్ లాంటి రసాయనాల ఆవిర్లు బయటికి వస్తాయి. పక్క ఇళ్లలోని వాళ్లకు ముందుగా చెప్పడం, పనివాళ్లకు మాస్కులు ఇవ్వడం కనీస బాధ్యత. తాగునీటి పైపులోకి వెళ్లే రోబోని క్లోరిన్‌తో శుద్ధి చేశాకే దించాలి. మురుగులో తిరిగిన యంత్రాన్ని అక్కడికి తేనే తేకూడదు.

ఏఐ అంతా చూసుకుంటుందా?

వీడియోల్లో పగుళ్లు, వేళ్లు, జాయింటు జారడం లాంటివి గుర్తించడంలో ఏఐ బాగా సాయపడుతోంది. డెన్మార్క్ మురుగు పైపుల నుంచి సేకరించిన 13 లక్షల చిత్రాలను, ఏఐకి ఈ పని నేర్పడానికి, 2021లో పరిశోధకులు అందరికీ అందుబాటులో పెట్టారు. గంటల తరబడి వీడియో చూసి కళ్లు అలసిపోయే మనిషికి ఏఐ పెద్ద సాయం. కానీ ఎక్కడ కోయాలి, ఎక్కడ పూయాలి అన్న నిర్ణయం ఇప్పటికి మనిషి చేతిలోనే ఉండాలి. తప్పు చోట కోస్తే మళ్లీ తవ్వాల్సిందే.

మధ్యలో ఇరుక్కుపోతే?

అదే జరిగితే రోబో తప్పించాల్సిన తవ్వకాన్ని రోబో కోసమే చేయాలి. కాబట్టి డిజైన్ అక్కడినుంచే మొదలవుతుంది. కరెంటు పోగానే స్ప్రింగులు కాళ్లను లోపలికి ముడిచేయాలి. వెనక్కి లాగితే ఏ అంచూ జాయింటుకు తగులుకోకూడదు. రెసిన్ గొట్టంలోనే గట్టిపడిపోతే దాన్ని విడదీసే ఏర్పాటు ఉండాలి.

దీనివల్ల కార్మికుల పని పోతుందా?

మురుగులోని హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దగ్గర ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది, 500 దాటితే ప్రాణాలకే ముప్పు. అలాంటి చోటికి మనిషి వెళ్లే పని పోవాల్సిందే. అయితే పైన నిలబడి రోబోని నడిపేందుకు, గోడ శబ్దం వినే పైపు సంగతి చెప్పగలిగేందుకు అనుభవమున్న పాత పనివాళ్లే కావాలి. వాళ్లకు శిక్షణ, మెరుగైన జీతం ఇవ్వకుండా రోబోని కొనే సంస్థ యంత్రాన్నీ సరిగా వాడుకోలేదు.

ఏ పైపుకు ఇది పనికిరాదు?

కూలిపోయిన పైపుకు, వాలు పూర్తిగా చెడిన మురుగు పైపుకు, జనాభా పెరిగి పరిమాణమే చాలని పైపుకు. లోపల ఎంత చక్కటి పొర వేసినా చిన్న పైపు పెద్దది కాదు. అక్కడ తవ్వాలి.

ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక నిజమైన పాత పైపు ముక్క సంపాదించండి. తవ్వకాల్లో తీసి పారేసినది, తుప్పు గడ్డలతో ఉన్నది. దాన్ని అడ్డంగా కోసి గోడ మందం చుట్టూ ఎన్నో చోట్ల కొలవండి, లోపల తడిపి ఒక రెసిన్ పూసి, గట్టిపడ్డాక ఊడదీయడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఊడిందో, ఎందుకు ఊడిందో రాసిపెట్టుకోండి. రోబో గీతలు ఆ తర్వాత గీయొచ్చు.